రైలు వాళ్ళ బస్సులు
(జంటనగరాల ప్రయాణ కథ – ఏడో భాగం)

1908 మూసీ వరద తరువాత పుట్టిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు వీధులను ఎలా విప్పిందో, పత్తర్‌గట్టి లాంటి బజార్లు ఎలా వెడల్పయ్యాయో పోయిన భాగంలో చూశాం. రోడ్లు వచ్చాయి. వాటి మీద జనాన్ని ఎవరు మొయ్యాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. 1932 జూన్‌లో దానికి ఒక జవాబు దొరికింది. నిజాం స్టేట్ రైల్వే తన కిందనే రోడ్డు రవాణా శాఖ ఒకటి తెరిచి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు మొదలుపెట్టింది. ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్న ఆర్టీసీలకు మూలం అదే. ఈ సంగతిని చాలామంది దేశంలో తొలి ప్రభుత్వ బస్సుల్లో ఒకటిగా గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం న్యాయమైనదే. కానీ అందులో మనం గమనించకుండా వదిలేసిన విషయం ఇంకొకటుంది. బస్సు ప్రభుత్వానిది కావడం ఒక ఎత్తు, బస్సూ రైలూ ఒకే యాజమాన్యం కింద ఉండడం ఇంకో ఎత్తు. ఈ రెండోదే హైదరాబాద్ సాధించిన అసలు ఘనత అని నా వాదన. ఆ కలయిక పంతొమ్మిదేళ్ళు సాగి తెగిపోయింది. తెగిన చోట ఏర్పడ్డ ఖాళీలోనే నగరవాసి ఇప్పటికీ రోజూ నడుస్తున్నాడు, ఎదురుచూస్తున్నాడు, రెండో టికెట్టు కొంటున్నాడు.

రైలు, బస్సు ఒక చోట చేరడానికి కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1874లో వాడి నుంచి వచ్చిన రైలు హైదరాబాద్ కోట గోడల దగ్గర ఆగలేదు, సికింద్రాబాద్ వెళ్ళి ఆగింది. బ్రిటిష్ వాళ్ళకు కావలసింది తమ కంటోన్మెంటుకు బొంబాయితో సంబంధం. డబ్బు నిజాం రాజ్యానిది, దారి మాత్రం సైన్యం అవసరాన్ని బట్టి పడింది. 1883లో లండన్‌లో ఏర్పడ్డ కంపెనీ ఆ రైలును చేపట్టి, నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చిన రాబడి మీద లైన్లు పొడిగించింది. చాందా వైపు రైలు వేసే పథకం రాజ్యం నెత్తిన పెను భారం అవుతుందని అప్పుడే ప్రశ్నించినవాళ్ళున్నారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయను ఆ ఏడే హైదరాబాద్ నుంచి వెళ్ళగొట్టడానికి ఈ ప్రశ్నించడమే కారణమైంది. రైలు ఎటు పోవాలి, ఎవరి ఖర్చు మీద పోవాలి అన్నది ఈ నగరంలో మొదటి నుంచీ రాజకీయ వివాదమే. చివరికి 1930 ఏప్రిల్‌లో, అక్బర్ హైదరీ ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న కాలంలో, ప్రభుత్వమే కంపెనీ నుంచి రైళ్ళను కొనేసింది. లండన్ వాటాదారుల లాభం కోసం నడిచిన రైలు రాజ్యం సొంత ఆస్తి అయింది. అప్పటికి నాంపల్లిలో, కాచిగూడలో కూడా స్టేషన్లు వచ్చాయి. అయినా చార్మినార్ చుట్టూ ఉన్న పాత నగరానికి రైలు దూరంగానే ఉండిపోయింది. స్టేషన్‌కూ ఇంటికీ మధ్య దూరాన్ని టాంగాలూ రిక్షాలూ నింపేవి.

కొన్న మరుక్షణం రైలుకు కష్టకాలం మొదలైంది. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. దానికి తోడు ప్రైవేటు మోటారు బస్సులు రైలుకు సమాంతరంగా ఉన్న రోడ్లలో తిరుగుతూ ప్రయాణికులను లాక్కోవడం మొదలుపెట్టాయి. ఇది ఒక్క హైదరాబాద్ కష్టం కాదు. బ్రిటిష్ ఇండియాలో ఇదే గొడవ మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు నివేదిక ఇచ్చారు. 1933లో సిమ్లాలో రైలు–రోడ్డు సమావేశం జరిగింది. అక్కడి ఆలోచన చివరికి 1939 మోటారు వాహనాల చట్టంగా, అంటే పర్మిట్లతో బస్సులను అదుపులో పెట్టే పద్ధతిగా తేలింది. బస్సు ఒకరిది, రైలు ఒకరిది, మధ్యన తగువు తీర్చడానికి ఒక పర్మిట్ల అధికారి. హైదరాబాద్ దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. బస్సును అదుపు చేసే పని పెట్టుకోకుండా, బస్సు నడిపే పనే రైలు చేపట్టింది. రైలు వేళా బస్సు వేళా ఒకే యాజమాన్యం నిర్ణయించింది. పట్టాలు లేని తాలూకాకు బస్సు వెయ్యాలా, బ్రాంచి లైను వెయ్యాలా అన్న లెక్క ఒకే పుస్తకంలో తేలింది. బస్సు నష్టపోయి రైలుకు మనుషులను చేర్చినా ఆ నష్టం, ఆ లాభం రెండూ ఒకే ఖాతాలో పడ్డాయి. రవాణా ప్రణాళికలో ఇంతకన్నా కీలకమైన ఏర్పాటు ఇంకొకటి లేదని నేను నమ్ముతున్నాను. వాహనం కొత్తదా పాతదా, దాని రంగు ఏమిటి, అది నేల మీద నడుస్తుందా స్తంభాల మీదనా అన్నవన్నీ దీని తరువాతే.

ఆ తొలినాటి బస్సులు స్కాట్లాండ్‌లో తయారైన అల్బియాన్లు. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ భద్రంగా దాచి ఉంచింది. ముందు పొడుచుకు వచ్చిన ఇంజను, వెనక పెట్టె లాంటి బాడీ ఉన్న ఆ బండిని చూస్తే, దీన్ని నమ్ముకుని ఒక రాజ్యం రవాణా శాఖ పెట్టిందా అనిపిస్తుంది. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు నిలవాలని పెట్టించినదని జనం చెప్పుకునే కథ ఒకటుంది. కథగానే దాన్ని విందాం. కథ కాని సాక్ష్యం గౌలిగూడలో చాలాకాలం నిలబడి ఉండేది. అమెరికాలో తయారైన ఇనుప రేకులను ఓడలో తెప్పించి, బోల్టులు బిగించి నిలబెట్టిన పెద్ద విమానాల షెడ్డు అది. లోపల ఒక్క స్తంభం ఉండేది కాదు. ముడతల రేకు ఒక వైపు నేల నుంచి లేచి, విల్లులా వంగి, రెండో వైపు నేలను తాకేది. విమానాల కోసం కట్టిన ఆ షెడ్డు 1932లో బస్సుల డిపో అయింది. తరువాత నగరానికి సెంట్రల్ బస్ స్టేషన్ అయింది. పల్లెల నుంచి హైదరాబాద్ వచ్చిన రెండు మూడు తరాలవాళ్ళు పట్నంలో మొదట అడుగుపెట్టింది ఆ వంపు కప్పు కిందనే. 2018 జూలైలో ఒక తెల్లవారుజామున అది కూలిపోయింది. కొద్ది రోజుల ముందే మూసేసి ఉండడంతో ప్రాణనష్టం జరగలేదు. వారసత్వ కట్టడాల జాబితాల్లో రాజప్రాసాదాలకు ఉన్న చోటు ఇలాంటి డిపోలకు లేకపోవడం వల్లే ఈ నష్టాన్ని మనం సరిగ్గా లెక్క కట్టలేదు.

హైదరాబాద్ చేసిన పని ఎంత ముందుచూపుదో తెలియాలంటే లండన్ వైపు చూడాలి. అక్కడ భూగర్భ రైళ్ళు, ట్రాములు, బస్సులు వేర్వేరు కంపెనీల చేతుల్లో ఉండి ఒకదానితో ఒకటి పోటీ పడేవి. లేబర్ ప్రభుత్వంలో రవాణా మంత్రిగా హెర్బర్ట్ మోరిసన్ మొదలుపెట్టిన ప్రయత్నం ఫలించి, 1933 జూలై 1న లండన్ ప్యాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు ఏర్పడింది. లార్డ్ ఆష్‌ఫీల్డ్ అధ్యక్షుడు, ఫ్రాంక్ పిక్ కార్యనిర్వాహకుడు. నగర రవాణా చరిత్ర రాసేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా ఈ బోర్డును ఒక మైలురాయిగా చెబుతారు. దానికి సుమారు ఏడాది ముందు హైదరాబాద్‌లో రైలూ బస్సూ ఒకటయ్యాయి. రెండూ ఒకే కొలతవి కావు, ఆ మాట ఒప్పుకుందాం. లండన్ బోర్డు కింద వేల బస్సులు, ట్రాములు వచ్చాయి. మనవి 27. లండన్ బోర్డు పుట్టింది చట్టసభలో చర్చ తరువాత, మనది ఒక సంస్థాన ప్రభుత్వం తీసుకున్న నిర్ణయంతో. కానీ సూత్రం ఒకటే. ప్రయాణికుడు ఇంటి నుంచి పని దాకా చేసేది ఒకే ప్రయాణం, కాబట్టి దాన్ని నడిపే చెయ్యీ ఒకటే కావాలి.

ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్ళు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. నిజాం రైల్వే బస్సులు వేసింది ప్రజల సౌకర్యం కోసం కాదు, తన ఆదాయం కాపాడుకోవడానికి. ప్రైవేటు బస్సు యజమానులను ఒక్కో మార్గం నుంచీ తప్పించి గుత్తాధిపత్యం తెచ్చుకుంది. ప్రజలకు లెక్క చెప్పనవసరం లేని పాలనలో జరిగిన పని అది. దాన్ని ఈనాటి నగరాలకు ఆదర్శంగా చూపించడం తగునా? ఉద్దేశం గురించి ఈ మాట నిజం. రైలు ఆదాయం మీద దెబ్బ పడకపోతే రైల్వే బస్సు జోలికి వచ్చేదే కాదు. అయితే సంస్థల మంచిచెడ్డలను వాటిని పుట్టించిన ఉద్దేశంతోనే తేల్చడం కుదరదు. లండన్ భూగర్భ రైళ్ళ కంపెనీలు బస్సు కంపెనీలను కొన్నదీ పోటీ భయంతోనే. ఆదాయం కాపాడుకోవాలన్న స్వార్థమే రైలును ఒక కొత్త ప్రశ్న వేసుకునేలా చేసింది. మన స్టేషన్‌లో దిగినవాడు ఆ తరువాత ఎటు పోతున్నాడు, ఎలా పోతున్నాడు? ఈ ప్రశ్న వేసుకునే కార్యాలయం ఈ రోజు హైదరాబాద్‌లో ఒక్కటీ లేదు. గుత్తాధిపత్యం సంగతికి వస్తే, అది ప్రమాదమే. దానికి మందు ప్రజలకు జవాబు చెప్పే యంత్రాంగం. రవాణాను ముక్కలు చెయ్యడం దానికి మందు కాదు.

ఆ ముక్కలు ఎలా అయ్యాయో చూద్దాం. 1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. కొత్త రాజ్యాంగంలో రైళ్ళు కేంద్రం జాబితాలోకి వెళ్ళాయి, బస్సులు నడపడం రాష్ట్రాల పని అయింది. నిజాం రైల్వే భారతీయ రైల్వేల్లో కలిసిపోయి, 1951 నవంబరులో ఏర్పడ్డ సెంట్రల్ రైల్వేలో భాగమైంది. ఆ నెల 1వ తేదీనే రోడ్డు రవాణా శాఖ రైలు నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. దీన్ని ఎవరి తప్పుగానూ చూడలేం. దేశమంతటికీ ఒక రైల్వే కావాలి, అది సబబే. కానీ పెళ్ళయినన్నాళ్ళూ ఒకే పొయ్యి మీద వండుకున్న ఇంట్లో వేరు కాపురాలు పడ్డాక ఉప్పూ పప్పూ ఎవరివి అన్న లెక్క రాసుకుంటారు. ఇక్కడ ఆ లెక్క కూడా ఎవరూ రాయలేదు. స్టేషన్ ముందు బస్సు ఎవరు ఆపాలి, కలిపిన టికెట్టు ఉండాలా, నగరంలో రైలు వేళలను బస్సు వేళలతో ఎవరు సరిచూడాలి? విడిపోయినప్పుడు వీటిలో ఒక్కటీ ఏ ఒప్పందంలోకీ ఎక్కలేదు.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ వచ్చింది. అది సాధించినదాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. తెలుగు పల్లెకు బడి, ఆసుపత్రి, కచేరీ దగ్గరైనది ఎర్ర బస్సుతోనే. కానీ ఆ సంస్థ రాష్ట్రమంతటిదీ. అందులో హైదరాబాద్ నగరం ఒక విభాగం మాత్రమే. బొంబాయిలో బెస్ట్ బస్సులు నగరపాలక సంస్థవి. మద్రాసులో 1972లో పల్లవన్ వేరే సంస్థ అయింది. బెంగళూరులో 1997లో నగర బస్సులను విడదీసి బీఎంటీసీ పెట్టారు. హైదరాబాద్ సిటీ బస్సుకు మాత్రం సొంత ఇల్లు దొరకలేదు. బస్‌స్టాపు, ఫుట్‌పాత్, కూడలి నగరపాలక సంస్థవి. బస్సు రాష్ట్ర సంస్థది. పట్టాలు ఢిల్లీవి. సిగ్నల్ దగ్గర నిలబడే కానిస్టేబులు హోంశాఖవాడు. ఒక సిటీ బస్సు మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్ చేరేలోగా ఇంతమంది అధికారాలు దాటి పోతుంది.

దీని ఫలితం నేల మీద కనిపిస్తుంది. 1994లో మూసీ నది నడుమ ఇమ్లిబన్‌లో కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఆసియాలోని పెద్ద బస్ స్టేషన్లలో ఒకటి. దూర ప్రాంతాల బస్సులన్నీ అక్కడికి మారాయి. కానీ అది ఏ రైల్వే స్టేషన్‌నూ ఆనుకుని లేదు. వరంగల్ నుంచి రైల్లో కాచిగూడకో సికింద్రాబాద్‌కో వచ్చి, కర్నూలు బస్సు పట్టుకోవలసిన మనిషి సామానుతో ఆటో ఎక్కవలసి వచ్చేది. రైలూ బస్సూ ఒక యజమానివి అయి ఉంటే ఈ రెండు గడపలను ఇంత దూరంగా పెట్టడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. బస్సు తిరగలేని సందుల్లో 1978లో పుట్టిన సెట్విన్ చిన్న బస్సులు తిరిగాయి. ఆపైన సెవెన్ సీటర్లు, షేర్ ఆటోలు వచ్చాయి. వీటిని క్రమశిక్షణ లేని బండ్లని తిట్టేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. ప్రణాళిక వేసినవాళ్ళు వదిలేసిన చోటనే అవి తిరుగుతున్నాయి. నగర రవాణాలో ఎక్కడ ఖాళీ ఉందో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు, షేర్ ఆటోలు ఎక్కడ గుమిగూడుతున్నాయో చూస్తే చాలు.

విడిపోయిన ఆ ఇద్దరూ మళ్ళీ ఒకసారి చెయ్యి కలిపారు. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే ఖర్చు పంచుకుని, 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలుపెట్టాయి. సికింద్రాబాద్, లింగంపల్లి, ఫలక్‌నుమా, నాంపల్లిని కలుపుతూ ఉన్న పట్టాల మీదనే స్టేషన్లు కట్టి, సిగ్నళ్ళు మార్చి, సుమారు 180 కోట్ల రూపాయల్లో పని ముగించారు. తరువాత ఏడేళ్ళకు మెట్రోకు వేసిన అంచనా 14 వేల కోట్ల పైమాటే. రెండూ ఒకే రకం సేవ కావు. మెట్రో రెండు మూడు నిమిషాలకు ఒక రైలు నడపగలదు, ఎంఎంటీఎస్ దూర ప్రయాణాల రైళ్ళకూ గూడ్సు బండ్లకూ దారి ఇచ్చాకే కదలాలి. అయినా చెయ్యి కలిపితే ఎంత తక్కువలో ఎంత పని జరుగుతుందో ఆ అంకెలే చెబుతున్నాయి. రెండో దశలో ఆ చెయ్యి మళ్ళీ విడిపోయింది. రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టాలన్న ఒప్పందం మీద పనులు మొదలై, రాష్ట్రం వాటా అందలేదన్న వివాదంలో ఏళ్ళ తరబడి నలిగాయి. మేడ్చల్ దాకా, ఉందానగర్ దాకా రైళ్ళు నడిచింది 2023 ఏప్రిల్‌లో. ఉందానగర్ శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరి స్టేషనే, కానీ విమానాశ్రయం దాకా పట్టాలు పడలేదు.

మెట్రోది ఇంకో కథ. దాన్ని మొదట నిర్మించడానికి పూనుకున్నది 2008లో రాష్ట్రం చేసిన మున్సిపల్ ట్రామ్‌వేల చట్టం కింద. ఆ ఏడు బిడ్డు గెలిచిన మైటాస్ సంస్థ ప్రభుత్వం నుంచి డబ్బు అడగడానికి బదులు తానే ఎదురు చెల్లిస్తానంది. ఢిల్లీ మెట్రో నిర్మించిన ఈ.శ్రీధరన్ ఈ పద్ధతి మీద ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇందులో అసలు ఆకర్షణ రైలు కాదు, భూములని హెచ్చరించారు. మైటాస్ యజమానుల కుటుంబానిదే అయిన సత్యం కంపెనీలో కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. 2017 నవంబరు 28న నాగోలు–మియాపూర్ మధ్య తొలి రైలు నడిచింది. 2020 ఫిబ్రవరికల్లా దాదాపు 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా పాత నగరం ముక్క ఒక్కటే మిగిలిపోయింది. 1874లో రైలు ఎవరిని దూరం పెట్టిందో మెట్రో కూడా వాళ్ళనే చివరికి వదిలేసింది. రాబడిలో సగం టికెట్ల మీద, 45 శాతం దాకా భవనాల అద్దెల మీద వస్తుందన్న లెక్కతో ఈ పథకం నిలబడింది. అలాంటి లెక్కలో స్టేషన్ పక్కన దుకాణాలకు చోటు ఆదాయం కిందకి వస్తుంది. బస్సు నిలిచే చోటు ఖర్చు కిందకి వస్తుంది, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో ఎవరికీ తెలియదు. సికింద్రాబాద్ ఈస్ట్, సికింద్రాబాద్ వెస్ట్ అని రెండు మెట్రో స్టేషన్లున్నాయి. రెండూ సికింద్రాబాద్ పేరు పెట్టుకున్నవే, కానీ వేర్వేరు లైన్లవి. ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారాలంటే పరేడ్ గ్రౌండ్ దాకా పోవాలి. రైలు దిగి ‘సికింద్రాబాద్’ బోర్డు చూసిన కొత్త మనిషికి ఇదంతా ఎవరు చెప్పాలి? సాధ్యమైన చోట సరిగ్గా చేశారని కూడా చెప్పాలి. ఇమ్లిబన్ బస్ స్టేషన్ పక్కనే మెట్రో స్టేషన్ కట్టి, రెండు లైన్లను అక్కడ కలిపారు. జూబ్లీ బస్ స్టేషన్‌కూ మెట్రో ఆనుకునే ఉంది. 1994లో జరిగిన తప్పును కొంత అలా సరిదిద్దారు.

ఇంతలో బస్సు బలహీనపడింది. నగరంలో సిటీ సర్వీసుల నష్టాన్ని నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ భరించాలని తెలంగాణ వచ్చిన కొత్తలో నిర్ణయించారు. ఆ సంస్థ కొన్నాళ్ళు ఇచ్చి ఆపేసింది. 2019 ఆర్టీసీ సమ్మె కాలంలో ఆ బాకీ సంగతి హైకోర్టు దాకా వెళ్ళింది. సమ్మె ముగిశాక నగరంలో సుమారు వెయ్యి బస్సులు తగ్గించారు. బస్సు తీసేసినవాళ్ళకు ఆ నష్టం తగ్గిన లెక్క కనిపించింది. ఆ బస్సు ఎక్కే మనిషి మోటారు సైకిలు కొనడం, కూడలిలో ఇంకో బండి చేరడం ఏ ఖాతాలోనూ పడలేదు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది. మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకూ కాలేజీ అమ్మాయిలకూ అది నిజమైన మేలు, అందులో సందేహం లేదు. కానీ ఆ మేలు బస్సు గడప దాటి రైల్లోకి రాదు. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ పోవలసిన అమ్మాయి మెట్రో ఎక్కితే తొందరగా చేరుతుంది, డబ్బు కట్టాలి. బస్సులో ఉచితం, కానీ గంటలు పడుతుంది. ఉచిత బస్సుల వల్ల తమ ప్రయాణికులు తగ్గుతున్నారని మెట్రో నడిపే సంస్థ 2024లో బహిరంగంగానే అంది. 1930లో రైలు అధికారులు బస్సుల గురించి అన్న మాటే ఇది. అప్పుడు హైదరాబాద్ ఆ తగువును రెండింటినీ ఒకటి చేసి తీర్చింది. ఇప్పుడు రెండూ ప్రభుత్వం అండతోనే నడుస్తూ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చేసుకుంటున్నాయి.

ఇదంతా ఒప్పుకున్నా, 1931లో ఐదు లక్షల లోపు జనం ఉన్న పట్నానికి కుదిరిన పద్ధతి ఈనాటి మహానగరానికి కుదురుతుందా అని అడగవచ్చు. పైగా రైల్వే కేంద్రానిది, దాన్ని ఎవరు లొంగదీస్తారు? దీనికి జవాబు హాంబర్గ్‌లో ఉంది. జర్మనీలోని ఆ రేవు నగరంలో ఉపరితల రైళ్ళు ఫెడరల్ ప్రభుత్వ రైల్వేవి, భూగర్భ రైళ్ళూ బస్సులూ నగర సంస్థవి. 1965లో వాళ్ళు ఆస్తులు కలుపుకోలేదు, ఎవరి ఉద్యోగులు వాళ్ళ కిందే ఉన్నారు. టికెట్టు, ధర, వేళల పట్టిక మాత్రం ఒక ఉమ్మడి సంస్థకు అప్పగించి, వచ్చిన డబ్బు పంచుకునే సూత్రం రాసుకున్నారు. రవాణా సమాఖ్య అన్న ఈ పద్ధతి ప్రపంచంలో అదే మొదటిది. తరువాత జర్మనీలో ఇతర నగరాలు, స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ ఆ దారిన నడిచాయి. హాంబర్గ్ అప్పటికే పద్దెనిమిది లక్షల జనం ఉన్న నగరం. కాబట్టి నగరం పెద్దది కావడం అడ్డు కాదు, రైలు కేంద్రానిది కావడం కూడా అడ్డు కాదు. ఇంకొక మాట కూడా వినిపిస్తుంది. ఒకే కార్డు తెస్తే, ఒకే యాప్ తెస్తే చాలదా? చాలదు. కార్డు డబ్బు తీసుకుంటుంది, అంతే. చివరి మెట్రో దిగేసరికి కింద బస్సు నిలిచి ఉండాలని డిపో మేనేజరుకు ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పే హక్కు ఆ ఒకరికి ఉండాలి.

ఆ హక్కు ఇవ్వడానికి ప్రయత్నం జరగలేదని కాదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాక మనుషులను కదిలించడం లక్ష్యం కావాలని చెప్పి, నగరానికొక ఉమ్మడి రవాణా అధికార సంస్థ ఉండాలంది. 2008లో హైదరాబాద్‌కు అలాంటి సంస్థ వచ్చింది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు, మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏలో కార్యాలయం. సమన్వయం దాని పని అన్నారు. కానీ రైలు ధర రైల్వే బోర్డు నిర్ణయిస్తుంది, మెట్రో ధర కేంద్ర చట్టం కింద వేసే కమిటీ నిర్ణయిస్తుంది, బస్సు మార్గాలు ఆర్టీసీ నిర్ణయిస్తుంది. ముగ్గురి దగ్గరా ఉన్నదేదీ దాని చేతికి రాలేదు. చెన్నై 2010లో, బెంగళూరు 2022లో ఇలాంటి సంస్థలకు విడిగా చట్టాలే చేశాయి. విజయవాడకు, విశాఖపట్నానికి మెట్రో పథకాలు వేస్తున్న ఆంధ్రప్రదేశ్ ముందు ఇప్పుడు ఇదే ప్రశ్న ఉంది. అక్కడ ఇంకా ఒక్క స్తంభమూ లేవలేదు కాబట్టి, రైలు, మెట్రో, బస్సుల డబ్బు ఎలా పంచుకోవాలో, వేళలు ఎవరు నిర్ణయించాలో ముందే రాసుకునే వీలు వాళ్ళకుంది. పనులు మొదలయ్యాక ఆ వీలు ఉండదు. హైదరాబాద్ మెట్రో ఒప్పందంలో సిటీ బస్సులకు చోటు ఎందుకు దొరకలేదో, ఆ ఒప్పందం రాసిన రోజుల్లో ఆర్టీసీ పరిస్థితి ఏమిటో వచ్చే భాగంలో చూద్దాం.

(ఇంకా ఉంది)